జగదల్‌పూర్‌లో అరుగులు లేని దసరా

బస్తరు సంస్థానం వెళ్ళి వచ్చానని చెబితే మా వీధిలో వాళ్ళు నన్ను పైనుంచి కిందికి పరకాయించి చూస్తున్నారు, ఒంట్లో ఏ భాగమైనా తక్కువై వచ్చానేమోనని. పులి కనపడిందా అంటున్నారు. పులి కనపడలేదు. జ్వరమూ తగల్లేదు. చీమల పచ్చడి మాత్రం తిన్నాను, అదీ ఎవరూ బలవంతం చేయకుండా, రెండోసారి అడిగి మరీ వేయించుకుని.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను మునిసిపాలిటీలో పాతికేళ్ళు ఓవర్సీయరుగా పనిచేసినవాణ్ణి. గొలుసు పట్టి వీధులు కొలవడం, వంకర వీధిని తిన్నగా చేయడం నా ఉద్యోగం. మా గోదావరి ఒడ్డు ఊళ్ళో బజారు వీధి ఈ చివర నిలబడితే ఆ చివర కనపడుతుందంటే అది నా చలవే. దానికోసం ఎన్నో ఇళ్ళ అరుగులు కొట్టించాను, బోలెడన్ని తిట్లు తిన్నాను.

మా పెద్దమ్మ కూతురు మాణిక్యక్క పుట్టిల్లు శబరి ఒడ్డున ఉన్న కొంటా అనే ఊరు. జగదల్‌పూర్‌లో ఉప్పు, పొగాకు, ఎండుచేపలు అమ్ముకునే ఇంటికి కోడలుగా వెళ్ళింది. పిల్లలు లేరు. బావ పోయిన దగ్గర్నుంచి దుకాణం తనే చూసుకుంటోంది. వానలు పట్టకముందు ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మా వీధి అరుగులు కొట్టేస్తరంట. నీకు ఆ పని తెలుసు గద, దసరా లోపల వచ్చి చూడు. ఆపగలిగితే ఆపు. ఆపలేకుంటే దుకాణం మూసి నీ వెంట వచ్చేస్త." జన్మంతా అరుగులు కొట్టించినవాణ్ణి అరుగు కాపాడమని పిలవడం చూసి నవ్వొచ్చింది. లోపల్లోపల కాస్త గర్వం కూడా కలిగిందని ఒప్పుకుంటున్నాను.

శబరి మీద

కూనవరం దాకా లాంచీ. అక్కణ్ణుంచి శబరిలో పడవ. వానలు వెనకబడ్డాయి, నీళ్ళు తేటపడుతున్నాయి. రెండు ఒడ్డుల వెంటా వెదురు, మధ్యమధ్య వెలివేసినట్టున్న రేవులు. మెట్లున్నాయి, గుంజలున్నాయి, పడవలు లేవు. నేను ఆ గుంజలకేసే చూస్తుంటే పడవ నడిపే ముసలాయన గడకర్ర ఆపకుండానే మాట కలిపాడు.

"ఏంది సారూ, అట్ల చూస్తరు? మా నాయిన కాలంల ఈ రేవుల పడవ కట్టనీకి జాగ దొరక్కపొయ్యేది. బస్తర్ల కూరల వేసే ఉప్పంత మేమే ఎక్కించెటోళ్ళం. ఇప్పుడు రాయపూర్ దిక్కుకెళ్ళి లారీల మీద దిగుతాంది."

"మరి మీరు?"

"మీ అసుంటోళ్ళను ఎక్కించుకుంటున్నం. ఉప్పు నయం, ఇన్ని ప్రశ్నలడగదు."

కొంటాలో దిగుతుంటే నా ఎడమ చెప్పు బురదలో దిగబడి మళ్ళీ పైకి రాలేదు. ముసలాయన గడకర్రతో కాసేపు వెదికి, అది శబరమ్మకు నచ్చిందన్నాడు. ఒంటి చెప్పుతో ఊళ్ళోకి నడిచాను. కొంటాలో ఏ అంగడి ముందు నిలబడినా తెలుగే. పూటకూళ్ళావిడ అడ్డాకుల విస్తట్లో అన్నం, చేపల పులుసు పెట్టి రెండణాలు తీసుకుంది. మా ఊళ్ళో అదే రెండణాలకి పులుసులో చేప ఉందని నమ్మాలి, కనపడదు. ఇక్కడ రెండు ముక్కలు వేసి, తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుని, మూడోది కూడా వేసింది.

సుక్మా సంత

ఎడ్లబండిలో సుక్మా చేరేసరికి అక్కడ సంత రోజు. వాళ్ళు హాట్ అంటారు. కొండల్లోంచి వందలమంది దిగారు, అయినా చప్పుడు లేదు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది అదే. మా సంతలో గొంతు పెద్దదైతేనే సరుకు అమ్ముడుపోతుంది. ఇక్కడ చింతపండు కుప్ప పోసుకున్న మనిషి ఎవర్నీ పిలవదు. కొనేవాడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు. ఇద్దరూ కాసేపు ఆ కుప్పకేసి చూస్తారు. కుదిరితే చింతపండుకి ఉప్పు కొలిచి పోస్తాడు, లేకపోతే లేచి వెళ్ళిపోతాడు.

ఈ పద్ధతి తెలియక నేనొక దోసపండు దగ్గర మా ఊరి తెలివి చూపించాను. ఆవిడ చెప్పిన ధరకి సగం అడిగాను. ఆవిడ ఒక్క మాట అనకుండా దోసపండు తీసి వెనక పెట్టేసుకుంది. సరే, అడిగినంతా ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. పక్కనున్న దోర్ల తెగ ఆయన నవ్వాపుకోలేకపోతున్నాడు.

"నువ్వు ఆమె పండును చిన్నబుచ్చినవు సారూ. ఇంక నీకమ్మదు. ఊకె తిరగకు."

ఎర్రచీమల పచ్చడి తిన్నది ఆ సంతలోనే. చాప్డా అంటారు. ఆకు దొప్పలో ఇంత పెట్టి ఇచ్చారు. నాలిక మీద పెట్టుకున్నాక తెలిసింది, మనింట్లో నిమ్మకాయ చేసే పని అక్కడ ఆ చీమ చేస్తుందని. పులుపు, కారం, ఆ తరవాత ముక్కులోంచి ఒక చల్లదనం. దోసపండు లేని దిగులు కొంత తీరింది.

పట్టణం

దర్భా కనుమ లారీ మీద ఎక్కాను. సాలవృక్షాల మధ్య ఆరుచోట్ల ఆగి, ఆరుసార్లూ డ్రైవరు నీళ్ళు పోశాక లారీకి మనసొచ్చి జగదల్‌పూర్ చేర్చింది.

అడివి మధ్య పట్టణం అంటే నేను పూరిపాకల గుంపును ఊహించుకున్నాను. సిగ్గుపడాల్సి వచ్చింది. నలుగురు బళ్ళవాళ్ళు పక్కపక్కనే తోలుకుపోగల రోడ్లు. కూడళ్ళలో తొక్కిసలాట లేదు. అవతలి ఒడ్డు మంచులో కనపడని చెరువు, దాని గట్టున పొద్దున్నే నడిచే గుమాస్తాలు. ముఖ్యంగా మురుక్కాలవల్లో నీళ్ళు పారుతున్నాయి. ఇది చదివేవాళ్ళకి చిన్న సంగతిగా తోచవచ్చు. పాతికేళ్ళు మురుక్కాలవలతో కుస్తీపట్టినవాణ్ణి, ఒక కాలవ పక్కన నిలబడి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. సంతలో హల్బీ, కచేరీలో హిందీ, పల్లెలవాళ్ళ దగ్గర గోండీ, ఇంట్లో తెలుగు. పాన్ అమ్మేవాడు కూడా పూటకి నాలుగు భాషలు మారుస్తాడు, ఆ సంగతి గొప్పగా చెప్పుకోడు.

అక్కయ్య వీధి మాత్రం పాతది, వంకర. పదకొండు దుకాణాలున్నాయి, నాలుగే తెరుస్తున్నారు. మూసిన వాటి తలుపుచెక్కలు బూడిదరంగు తిరిగాయి, పెంకుల మధ్య గడ్డి మొలిచింది. ప్రతి దుకాణం ముందూ మోకాలెత్తున వెడల్పాటి మట్టి అరుగు, దానిమీద చూరు, చూరు కింద సాలకర్ర స్తంభాలు. జనం వీపులు ఆనించి ఆనించి ఆ స్తంభాలు నున్నగా మెరుస్తున్నాయి.

అక్కయ్య నోట్లో చుట్టతో అరుగు మీదే కూర్చుని ఉంది.

"వచ్చినవా తమ్ముడూ? బక్కగైనవ్. కూర్చో. అరుగు మీదనే కూర్చో, మల్ల ఉండదు."

తావు

ఆ సాయంత్రం అక్కయ్య చెప్పింది విన్నాక గాని ఆ వీధి నాకు అర్థం కాలేదు. దసరాకి సంస్థానంలోని పల్లెలన్నిటికీ రాజావారి పేరుతో కచేరీ నుంచి పిలుపు వెళుతుంది. ఒక్కో పల్లె తన దేవతను తీసుకుని రాజధానికి నడిచి వస్తుంది. ఆ పది రోజులూ ఈ వీధిలో ఒక్కో దుకాణం అరుగు ఒక్కో పల్లెది. అక్కయ్య అరుగు నల్లవాగు వాళ్ళది. ఆరు రోజులు నడిచి వస్తారు. వాళ్ళు దేవతగా మోసుకొచ్చే గొడుగు రెండో స్తంభానికి ఆనిస్తారు, అరుగు అంచున పొయ్యి వేసుకుంటారు, అరుగు మీద పడుకుంటారు. అక్కయ్య మామగారి తండ్రి నాటి నుంచి ఇదే వరస. అద్దె లేదు. ఆ పది రోజుల ఉప్పూ పొగాకూ దుకాణంవాళ్ళే ఇస్తారు. దానికి బదులుగా మిగిలిన ఏడాదంతా నల్లవాగు వాళ్ళకి ఉప్పు కావాలన్నా, చింతపండో మైనమో అమ్మాలన్నా, ఎన్ని దుకాణాలైనా దాటుకుని అక్కయ్య దగ్గరికే వస్తారు.

"కొత్త బజార్ల దుకాణాలకు అరుగుల్లేవు, బోర్డులున్నయ్. మాకు అరుగున్నది. అందుకే ఇన్నాళ్ళు బతికినం," అంది అక్కయ్య. "దిగనీకి తావు లేకుంటె వాళ్ళు రారు. వాళ్ళు రాకుంటె ఎండుచేపలు నేనెవలికమ్మాలె, అరుగులు కొట్టే ఇంజనీరు సాహెబుకా?"

రాజావారు ఇంకా చిన్నవారు. వ్యవహారమంతా కచేరీ అధికార్లది. పట్టణం బాగుచేయడానికి వాళ్ళొక కమిటీ వేశారు. ఉత్తరపు రోడ్డు మీద వచ్చే మోటార్లు ఈ వీధిగుండా తిన్నగా కోట మైదానానికి పోవాలని కమిటీ తీర్మానం. కమిటీలో అందరూ కొత్త బజారు వర్తకులే.

"మీ వీధి వాళ్ళని అడగలేదా?"

"మేమే పొయ్యి అడిగినం, మావోణ్ణి ఒకణ్ణి వేసుకోమని. మీ వీధిల తెరిచిన దుకాణాలెన్ని అన్నరు."

వీధి పాడుబడింది కనక కమిటీలో చోటు లేదు. కమిటీలో చోటు లేదు కనక వీధి ఇంకా పాడుబడుతుంది. మా మునిసిపాలిటీలో కూడా ఇదే తిరగలి తిరిగేది. అప్పుడు నేను పైరాయి దగ్గర కూర్చునేవాణ్ణి, అందుకని నొప్పి తెలియలేదు.

నక్షా

మర్నాడు అక్కయ్యా నేనూ కచేరీకి వెళ్ళి ఇంజనీరు సాహెబును కలిశాం. పడుచువాడు, నాగపూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. అక్కయ్యకి కుర్చీ వేయించాడు, నాకు టీ ఇప్పించాడు, నేనూ ఓవర్సీయరునని తెలిశాక సంతోషంగా వీధి పటం, వాళ్ళ మాటలో నక్షా, పరిచాడు. నక్షా అంటే అది. ప్రతి ఇల్లూ, ప్రతి స్తంభమూ గీశాడు. వాటిమీదుగా ఎర్ర సిరాతో ఒక గీత. నేను గీసినా సరిగ్గా అక్కడే గీసేవాణ్ణి.

పల్లెలవాళ్ళ సంగతి చెప్పాను. దానికీ ఏర్పాటు చేశాడు. మైదానం పక్కన రేకుల షెడ్లు కట్టించి, వాటికి అంకెలు వేయించాడు. వానకి తడవరు, చలికి వణకరు. మనిషి మంచివాడు, అదే వచ్చిన చిక్కు.

"రోడ్డు కాస్త వంచితే అరుగులు మిగులుతాయి," అన్నాను చివరికి.

అతను వెటకారమేమీ లేకుండా, నేర్చుకుందామనే అడిగాడు: "మీ ఊళ్ళో మీరైతే వంచేవారా?"

నేను నక్షాకేసి చూశాను. "లేదు," అన్నాను.

ఆ మాటతో పని అయిపోయింది. ఇద్దరం ఇంటికి వచ్చాం. చెప్పులు విడుస్తూ అంది అక్కయ్య, "వంచెటోణ్ణి అనవల్సింది తమ్ముడూ. అబద్ధమైనా."



గునపాలు

నాలుగు రోజుల్లో వీధి రెండు పక్కలా అరుగులన్నీ కొట్టేశారు. మట్టి బళ్ళకెత్తారు, కంకర పరిచి రోలరు తిప్పారు. స్తంభాలు పీకుతుంటే అక్కయ్య లోపల కూర్చుని పొగాకు కట్టలు గోనెల్లో కుక్కింది. అరుగు పోయాక దుకాణం గడప రోడ్డుకి మోకాలెత్తున వేలాడుతున్నట్టయింది. దిగడానికి బల్ల వేశాం.

రోలరు వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే వీధి చివరికి వెళ్ళి, ఒక కన్ను మూసి చూశాను. దారం లాగినట్టుంది రోడ్డు. నా కంటికి బాగుంది. ఆ బాగుండడమే నన్ను బాధపెట్టింది.

అక్కయ్య రెండు ట్రంకుపెట్టెలు సర్దింది. లారీ మాట్లాడి వచ్చాను. దసరా మొదలయ్యే రోజున నల్లవాగు వాళ్ళు వస్తారు. వాళ్ళకి నోటితో చెప్పి, మర్నాడు బయల్దేరాలని అనుకున్నాం. "ఆరు దినాలు నడిచొచ్చినోళ్ళకు మూసిన తలుపు చూపించొద్దు," అంది అక్కయ్య.

నల్లవాగు వాళ్ళు

పొద్దెక్కాక వచ్చారు. ముప్ఫైమంది దాకా ఆడా మగా, ఒకరి వెనక ఒకరు. ముందు డోలు, దాని వెనక పూలు చుట్టిన వెదురుగడ మీద దేవత గొడుగు. అడివిలో సన్నదారిన నడిచిన వరసలోనే ఆ పెద్ద రోడ్డు మీదా నడుస్తున్నారు. అక్కయ్య గుమ్మం దగ్గర ఆగారు. డోలు ఆగింది.

అక్కయ్య గడప మీదే నిలబడి ఉంది.  "అరుగు తీసేసిన్రు జోగన్నా. స్తంభాలు గిట్ల పీకిన్రు. మైదానంల మీకు షెడ్డు కట్టిన్రంట. ఆడికి పోవాలెనంట."

జోగయ్య ఆ ఊరి పెద్ద. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న గొడ్డలి. తొందరపడలేదు. తలుపుకేసి చూశాడు, చూరు ఉండిన చోటుకేసి చూశాడు. గడప దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి పాదం ముందు పాదం వేసుకుంటూ రోడ్డులోకి నడిచాడు. ఒకచోట ఆగి, నాలుగు అడుగులు పక్కకి జరిగి, మడమతో కంకర మీద గుర్తు పెట్టాడు. రెండో స్తంభం ఉండిన చోటు అది. నేను నక్షా చూసినవాణ్ణి కనక చెబుతున్నాను, జానెడు తేడా లేదు.

అక్కడ గొడ్డలి మడమతో చిన్న గుంట తవ్వి గొడుగు పాతారు. మూటలు దించారు. ఆడవాళ్ళు మూడు రాళ్ళు తెచ్చి, అరుగు అంచు ఉండిన చోట పెట్టి పొయ్యి రాజేశారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఎవరి మొహంలోనూ కోపం లేదు.

మధ్యాహ్నానికి మిగతా పల్లెలూ వచ్చాయి. అందరూ అదే చేశారు. మూసేసిన దుకాణాల ముందు కూడా గడప నుంచి పాదాలతో కొలుచుకుని, వాళ్ళ అరుగు చోటే దిగారు. రెండు పక్కలా పొగలు లేచాయి. మధ్యలో పాత వీధి వెడల్పే మిగిలింది, పాత వంకరలతో సహా. ఎడ్లబళ్ళు ఎప్పట్లాగే పోతున్నాయి. మోటారు ఒక్కటే పోలేదు. ఏ గొలుసూ ఏ నక్షా లేకుండా, కొట్టేసిన వీధిని పొయ్యిరాళ్ళతో మళ్ళీ గీసిపెట్టారు. నా వృత్తిలో అంత చక్కటి పని నేను చూడలేదు.

మోటారు రానే వచ్చింది. హారన్ మోగింది. ఆడవాళ్ళు తలెత్తి నవ్వి, జావ కలుపుకోవడంలో పడ్డారు. ఇంజనీరు సాహెబు దిగి నడిచొచ్చాడు. షెడ్లు ఉన్నాయి కదా అన్నాడు హిందీలో. అక్కయ్య తెలుగులో చెప్పింది.

జోగయ్య అన్నాడు, "షెడ్డు మంచిగున్నది. వచ్చెటప్పుడు చూసినం. ఎవల తావని అడిగినం, చెప్పెటోడు లేడు. ఎవలదో తెల్వని తావుల దేవతను ఎట్ల దించుత?"

"ఇది సడక్," అన్నాడు సాహెబు, రోడ్డుకేసి వేలు చూపిస్తూ.

"సడకే గానియ్యి. అరుగు మీరు కట్టలేదు, తీసిన్రు. తీస్తె తీసిన్రు. తావు ఏడికి పోతది? పది పొద్దులుంటం, మల్ల పోతం. కచేరీ పిలిస్తెనే వచ్చినం."

సాహెబు గొడుగుకేసి చూశాడు. రాజావారి పేరుతో పిలిచిన దేవతను పక్కకి జరిపే విధానం అతని నక్షాలో లేదు. చుట్టూ చూసి, సాటి ఉద్యోగస్తుడు కదా, ఆదుకుంటాడన్నట్టు నాకేసి తిరిగాడు.  నేను అన్నాను.

"ఆ రోజు మీరు అడిగినదానికి నేను తప్పు జవాబు చెప్పాను. నేనైతే వంచుతాను."

 అతను మోటారును వెనక్కి పంపించి, పొయ్యిల మధ్యగా జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ కోటవైపు నడిచి వెళ్ళిపోయాడు. గంటసేపట్లో డప్పు కొట్టి చాటారు: దసరా అయ్యేదాకా ఈ వీధిలోకి మోటార్లు రాకూడదని. పై ఏడాది ఏం చేస్తారో నాకు తెలియదు. కమిటీ అదే, కొత్త బజారు అదే. వీధిలో ఏడు తలుపులు మూసే ఉన్నాయి.

డప్పువాడు అటు వెళ్ళాడో లేదో, లోపల ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడైంది. పొగాకు గోనె మూతి విప్పుకుని అక్కయ్య బల్ల మీంచి దిగింది. మళ్ళీ వెళ్ళి ఉప్పు గంప తెచ్చింది, తక్కెడ తెచ్చింది. నడిరోడ్డు మీద, అరుగు మీద తనెప్పుడూ కూర్చునే చోట, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని చుట్ట వెలిగించింది. నల్లవాగు ఆడవాళ్ళు ఆకు దొప్పలు పట్టుకుని చుట్టూ మూగారు.

"అక్కా," అన్నాను, "రేపటికి లారీ మాట్లాడాను కదా?"

తలెత్తలేదు. దోసిలితో ఉప్పు పోస్తూనే ఉంది.

"నువ్వు జర జరుగు తమ్ముడూ. వాళ్ళు పండుకునే తావుల నిలబడ్డవ్."

జరిగాను.